పెదవి మీద పెన్సిల్

1957 ఫిబ్రవరి 19, మంగళవారం

ఎల్వుడ్ గాంట్ ఈ ఉదయం కూడా వచ్చాడు. నా ఫొటో స్టూడియోలో తెర ముందు నిలబడి రెండు గంటలు సాధన చేశాడు. ఇంట్లో ట్రంపెట్ ఊదితే కిందవాళ్లు చీపురుకర్రతో పైకప్పు పొడుస్తున్నారట. ఇక్కడ నాన్న కాలంనాటి మఖమలు తెర సగం శబ్దాన్ని మింగేస్తుంది, మిగతా సగం కింద మంగలిషాపులో కాస్త చెవుడున్న షెల్బీకి ఎలాగూ వినపడదు. చోటిచ్చినందుకు ఎల్వుడ్ నా కెమెరా ముందు నిలబడాలి. అది మా ఒప్పందం. ఇద్దరిలో ఎవరికి లాభమో నాకు తెలుసు, బయటికి చెప్పను.

ఎనిమిది ఫొటోలు తీశాను. కళ్లు మూసుకుని, బుగ్గలు దించుకుని, తర్వాతి స్వరం కోసం వెతుక్కుంటున్నప్పుడు తీసిన ఒకటి చాలా బాగుంది. కింది పెదవి ఎడమ పక్కన ఆవగింజంత చుక్క వచ్చింది. ఫిల్ము మీద ధూళి పడి ఉంటుంది. నెగటివ్ మీద పెన్సిల్‌తో మూసేశాను.

మార్చి 5

మళ్లీ ధూళి. మళ్లీ అదే చోట. దీనికి జ్ఞాపకశక్తి ఎక్కువలా ఉంది.

మార్చి 6

ఫిల్ము పెట్టే చట్రాలన్నీ విప్పి దులిపాను. శుభ్రంగానే ఉన్నాయి.

ఏప్రిల్ 9, మంగళవారం

ఇవాళ అడిగేశాను.

"ఎల్వుడ్, పెదవి మీద ఏంటది?"

"ఏది?"

"ఏమీ తెలియనట్టు మాట్లాడకు. అదిగో, ఎడమ పక్క."

"మౌత్‌పీస్ ఒరుసుకుంది. కుట్టుపని చేసేవాళ్ల వేళ్లకి కాయలు కాయవా? ఇదీ అంతే."

"కాయ అయితే రక్తం ఎందుకొస్తుంది? నీ రుమాలు చూశాను."

"నువ్వు ఫొటోలు తీసేదానివా, పోలీసువా?" అని నవ్వాడు. తర్వాత ట్రంపెట్‌ని పెట్టెలో పెట్టి, ఆ పెట్టె మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. "ఆర్డెల్, ఈ మాట గుమ్మం దాటనీకు. గాంట్ పెదవి పోయిందట అని పొద్దున ఒక్కడు అన్నాడంటే, సాయంత్రానికల్లా నా కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. మోజెల్‌కైతే అసలే చెప్పకు. పెళ్లానికి తెలిసిందంటే చర్చి మొత్తం నా పెదవి కోసం ప్రార్థన చేస్తుంది."

సరే అన్నాను. ట్రంపెట్ ఊదేవాళ్లలో ఇదొక ఆచారం. ఒకడి పెదవి గురించి ఇంకొకడు ఎత్తడు. పక్కవాడి పెదవి చిట్లి చొక్కా తడిసినా చూపు తిప్పుకుంటారు. నేను వాళ్లలో ఒకదాన్ని కాను, అయినా పదేళ్లుగా వాళ్ల మధ్యే తిరుగుతున్నాను. నన్ను నమ్మి చెప్పాడు. అది నాకు సంతోషంగా అనిపించింది. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అనిపించింది.

మే 2, గురువారం

విట్కో స్టూడియోకి వచ్చాడు. రికార్డు కంపెనీ ఆయన. మా నల్లవాళ్ల పేటలో తెల్లవాళ్లెవరైనా ఈ మెట్లెక్కితే షెల్బీ కత్తెర ఆపి మరీ చూస్తాడు.

"మిస్ ప్రూయిట్, గాంట్‌తో ఒక పెద్ద రికార్డు చేస్తున్నాం. అట్ట మీద ఫొటో మీరే తియ్యాలని ఆయన పట్టుబట్టాడు. నాకు ముఖం కావాలి. ట్రంపెట్ లేకుండా, అట్ట నిండా ముఖం. వెనకాల మీ పేరు వేస్తాం."

గోడల మీదున్న ఫొటోలన్నీ చూశాడు. పెళ్లికూతుళ్లు, పట్టాలు పుచ్చుకున్న పిల్లలు, చర్చి గాయకబృందాలు. ఆ తర్వాత లోపలి గదిలో నేను పదేళ్లుగా తీస్తున్న వాయిద్యగాళ్లు. "ఇవన్నీ ఇక్కడ ఎందుకు దాచారు?" అన్నాడు. ఎవరూ అడగలేదు కాబట్టి అని చెప్పాలనిపించింది. కాఫీ తాగుతారా అని అడిగాను.

ఇరవై ఏళ్ల పని. ఒక్క చోటా నా పేరు అచ్చవలేదు. పత్రికల్లో వేసుకున్నవాళ్లు కూడా కింద తమ పేరే వేసుకున్నారు. నాన్న బతికుంటే ఇవాళ షాపు మూసేసి అందరికీ స్వీట్లు పంచేవాడు.

జూన్ 13, గురువారం

రికార్డింగు. పొద్దున పదికి మొదలై మూడింటికి అయిపోయింది. ఎర్రదీపం వెలుగుతున్నంతసేపు కెమెరా ముట్టుకోకూడదు, మీట చప్పుడు కూడా రికార్డులో పడుతుంది. అందుకని చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. చూడ్డం తప్ప పనిలేనప్పుడు అన్నీ కనపడతాయి.

పాట అవగానే ప్రతిసారీ ఎల్వుడ్ గోడవైపు తిరిగాడు. రుమాలు తీసి, ఒత్తుకుని, చూసి, జేబులో పెట్టుకున్నాడు. డ్రమ్స్ వాయించే కుర్రాడు ఒకసారి అటు చూసి, వెంటనే తన బూట్లకేసి చూసుకున్నాడు. వాయిద్యం మాత్రం అద్భుతం. నాకు ఏడుపొచ్చింది.

భోజనాల వేళ ఎల్వుడ్‌ని కిటికీ దగ్గర నిలబెట్టి ముఖం తీశాను. కెమెరా గాజులో చూస్తే చుక్క కాదు అది. బఠాణీ గింజంత ఉంది, అంచులు గట్టిపడి ఉన్నాయి, మధ్యలో పుండు.

"రేపు డాక్టర్ పీక్స్ దగ్గరికి వెళ్దాం. నేను వస్తాను," అన్నాను.

"వెళ్దాం. ముందు ఈ కవర్ సంగతి కానీ. ముఖానికి కట్టుకట్టుకుని ఫొటో దిగమంటావా?"

"సరే, కవర్ అయ్యాకే వెళ్దాం," అన్నాను.

నేనే అన్నాను.

జూన్ 17, సోమవారం

మూడు రోజులు పట్టింది. వాలుబల్ల మీద నెగటివ్, కింద దీపం, గరుకు కాగితం మీద సూదిలా చెక్కిన పెన్సిల్. ముఖం మీద నల్లమచ్చ నెగటివ్‌లో ఖాళీగా, గాజులా కనిపిస్తుంది. ఆ ఖాళీని సన్నటి గీతలతో నింపుకుంటూ పోతే ప్రింటులో చర్మం నున్నగా వస్తుంది. ఎక్కువైతే పిండి చల్లినట్టు ఉంటుంది, తక్కువైతే మచ్చ తొంగిచూస్తుంది. పెదవి మీద ఇంకా కష్టం, దానికి సహజంగా ఉండే గీతలు మళ్లీ గియ్యాలి.

నాన్న నాకు పన్నెండేళ్లప్పుడు నేర్పాడు. "మనవాళ్ల ముఖాల్ని బయట పత్రికలు ఎంత వికారంగా వెయ్యాలో అంత వికారంగానూ వేస్తాయి. ఈ గదిలోకి వచ్చినవాడు మాత్రం తన ముఖం చూసుకుని తలెత్తుకుని వెళ్లాలి," అనేవాడు. మశూచి మచ్చలు, కత్తిగాట్లు, తాగుడుకి ఉబ్బిన కళ్ల కింద సంచులు, అన్నీ తీసేసేవాళ్లం. దయతోనే తీసేసేవాళ్లం. ఎవరి ముఖంలోనైనా నాకు ముందు కనపడేది ఏం తీసెయ్యాలో అదే.

పెదవి బాగా కుదిరింది. ఇంత మంచి పని ఎప్పుడూ చెయ్యలేదు.

జూన్ 25

కవర్ అయిపోయింది కదా అని గుర్తుచేశాను. వచ్చేవారం వెళ్దాం అన్నాడు.

జులై 8

విట్కోకి ఫొటో తెగ నచ్చింది. ఫోనులో అరిచాడు.

జులై 30

ఎల్వుడ్ రాలేదు.

ఆగస్టు 6

రాలేదు. ఎండలు ఎక్కువ.

ఆగస్టు 13

రాలేదు. ఊళ్లు తిరుగుతున్నాడని షెల్బీ చెప్పాడు. మంచిదే. పెదవి బాగోలేనివాడు ఊళ్లు తిరగడు కదా.

సెప్టెంబర్ 20, శుక్రవారం

నలభై ఏడో వీధి రికార్డుల షాపు అద్దంలో పన్నెండు ఎల్వుడ్‌లు వరసగా. నేను అవతలి పక్క నిలబడి చూశాను. ఇద్దరు ఆడవాళ్లు ఆగారు. "గాంట్ ఇంత అందగాడని తెలియనే తెలియదే," అంది ఒకావిడ. "పెళ్లయిందిలే, నడు," అంది రెండో ఆవిడ. షాపులోకి వెళ్లి ఒకటి తిప్పి చూశాను. ఫొటో: ఆర్డెల్ ప్రూయిట్. వేలితో తడిమాను.

మధ్యాహ్నం మోజెల్ వచ్చింది, చిలగడదుంపతో తీపిరొట్టె చేసి పట్టుకొచ్చింది. ఇంట్లోకి ఆ ఫొటోలు రెండు కావాలట, ఒకటి హాల్లో, ఒకటి మంచం ఎదురుగా. "పదిహేడేళ్లుగా చూస్తున్న మొహమే. మళ్లీ గోడ మీద కూడా ఎందుకే అని మా అమ్మ అంటోంది," అని నవ్వింది. కాసేపు ఆ అట్టని చూస్తూ ఉండిపోయింది. "ఎంత బాగున్నాడు కదా. ఎక్కడా ఏమీ లేకుండా," అంది.

ఏమీ లేకుండా అంటే ఏమిటో నేను అడగలేదు.

అక్టోబర్ 8, మంగళవారం

ఎల్వుడ్ వచ్చాడు. మౌత్‌పీస్‌ని కుడివైపుకి జరిపి ఊదుతున్నాడు. లవంగనూనె వాసన. ఇరవై నిమిషాలకే ఆపేశాడు. ముఖం నాకు చూపించాడు, ఇప్పుడిక దాచడానికేమీ లేదు. కాసిన్ని మాటలకే పెదవి చిట్లుతోంది.

దిండు మీద రక్తం చూసి మోజెల్ బలవంతంగా డాక్టర్ పీక్స్ దగ్గరికి లాక్కెళ్లిందట.

"ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. రెండు వారాలన్నాను."

"ఎల్వుడ్!"

"విను. రెండు వారాలదైతే ముందు మందు రాసి చూద్దామన్నాడు. ఆరు వారాల్లో మానకపోతే అప్పుడు ముక్క తీసి పరీక్షకి పంపుతాడట. నెలల తరబడి ఉన్నదైతే మాత్రం ఆగడానికి లేదు, వెంటనే కొయ్యాలట. నవంబర్ ఒకటిన ఓడ ఎక్కాలి నేను. స్టాక్‌హోమ్, కోపెన్‌హేగెన్, పారిస్. మావాళ్లలో ఎవడూ చూడని హాళ్లు. పెదవి కోసేశాక ఎవడు పిలుస్తాడు నన్ను? తిరిగొచ్చాక ఏం కోసుకుంటాడో కోసుకోమను."

"అది పెరుగుతోంది."

"నీకెలా తెలుసు?" అన్నాడు. తర్వాత తనే, "నీకు తెలుసులే," అన్నాడు.

అక్టోబర్ 9, బుధవారం

మోజెల్ వచ్చింది. కోటు బొత్తాలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకుని ఉంది, అంత తొందర.

"ఆ డాక్టరు మా మాట నమ్మట్లేదే ఆర్డెల్. రెండు వారాల పుండు ఇలా ఉండదు, సరిగ్గా చెప్పండి అని నా మీద గుడ్లురుముతున్నాడు. నువ్వు ఏడాదంతా ఫొటోలు తీశావు కదా, అవి ఇవ్వు. ఆయన ముందు పడేస్తాను. జూన్‌లో లేదు, మే నెలలో లేదు, ఇదిగో చూసుకో నాయనా అంటాను."

సొరుగు తీశాను. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే, జూన్. ఐదు ప్రింట్లు. అట్టముక్క మధ్య పెట్టి, కవరులో వేసి, మడతకి జిగురు రాసి ఇచ్చాను. నా చేతులతోనే. నా నుదుటి మీద ముద్దుపెట్టి మెట్లు దిగి పరిగెత్తింది.

అక్టోబర్ 10

డాక్టర్లు చదువుకున్నవాళ్లు. ఫొటో చూసి మోసపోరు.

అక్టోబర్ 12

ఫొటోలు చూసి డాక్టర్ మెత్తబడ్డాడట. మనవాళ్లలో పెదవికి క్యాన్సర్ రావడం అరుదేనని కూడా అన్నాడట. మందు మార్చి రాశాడు. మోజెల్ ఫోను చేసి చెప్పింది, గొంతులో పండగ.

అక్టోబర్ 15

నేను అబద్ధమాడలేదు. నన్నెవరూ ఏమీ అడగలేదు.

అక్టోబర్ 16

మాటిచ్చాను. మాట అంటే మాటే.

అక్టోబర్ 17

అది ఎల్వుడ్ పెదవి. ఎల్వుడ్ ఇష్టం.

అక్టోబర్ 24, గురువారం

ప్రయాణానికి పాస్‌పోర్టు ఫొటో కావాలని వచ్చాడు. స్టూలు మీద కూర్చోబెట్టి, తల కాస్త కుడివైపుకి తిప్పమన్నాను. దవడ కింద, ఎడమ పక్క, నీడ పడకూడని చోట నీడ పడింది. దీపం జరిపాను. నీడ జరగలేదు. దగ్గరికెళ్లి వేళ్లతో తాకాను. చర్మం కింద గోలీకాయలా గట్టిగా ఏదో ఉంది.

"ఇది ఎప్పట్నుంచి?"

"నిన్నో మొన్నో," అన్నాడు. ఎవరడిగినా ఇదే చెబుతాడు ఇక. మనిషి సగమయ్యాడు. చొక్కా మెడలో రెండు వేళ్లు పట్టేంత వదులు.

ఫొటో తీశాను. తడి ప్రింటు పళ్లెంలో పైకి తేలుతుంటే నా చెయ్యి పెన్సిల్ కోసం వెళ్లింది. నేను పంపలేదు, అదే వెళ్లింది. మెడ మీద ఆ నీడని ఎలా తీసెయ్యాలో అప్పటికే ఆలోచిస్తున్నాను. నన్ను చూస్తే నాకే భయమేసింది.

దూది, టర్పెంటైన్ తీసుకున్నాను. ఫిబ్రవరి నెగటివ్ మీద మెల్లగా రుద్దాను. దూదికి నల్లగా అంటుకుంది. ఖాళీ మళ్లీ కనపడింది. తర్వాత మార్చి, ఏప్రిల్, మే. జూన్‌ది కవర్ నెగటివ్, దాని దగ్గర చాలాసేపు ఆగాను. మూడు రోజుల పని, నా పేరుతో అచ్చయిన ఒకే ఒక్క పని. అదీ తుడిచేశాను.

చీకటిగదిలో ఐదూ ప్రింట్లు వేసి తాడుకి వరసగా తగిలించాను. ఆవగింజ. మెంతిగింజ. పెసరగింజ. కందిగింజ. బఠాణీ. అంచుల్లో నా దస్తూరీలోనే తేదీలు. ఐదు నెలలు నేను దాన్ని పెంచాను.

అక్టోబర్ 25, శుక్రవారం

పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. ఎల్వుడ్ రిహార్సల్‌కి వెళ్లాడు. మోజెల్ వంటింట్లో చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది, ఓడకి సర్దడానికి. ప్రింట్లు బల్ల మీద వరసగా పరిచాను. ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి వచ్చి చూసింది. ఒకటో ప్రింటు, రెండోది, మూడోది. తేదీలు చదివింది. మళ్లీ మొదటి నుంచి చూసింది.

"ఫిబ్రవరి నుంచా?" అంది.

"అవును. తను చెప్పొద్దన్నాడు. పెన్సిల్‌తో నేనే..."

"నేను చూశాను," అంది మోజెల్.

నాకు అర్థం కాలేదు.

"ఏప్రిల్‌లోనే చూశానే. మొగుడి మూతి పెళ్లానికి తెలియదా? ముద్దు పెట్టుకుంటే గరుకు తగిలేది. అడిగితే నీకు చాదస్తం అనేవాడు. పోనీలే అనుకోలేక, దీపం పెట్టి చూడాలని ఒకరోజు లేచాను కూడా. ఆ వారమే నువ్వు పెద్ద ఫొటో ఇచ్చావు, ఈస్టర్‌కి. భూతద్దం తెచ్చి చూశాను ఆర్డెల్. మా అమ్మ కుట్టుపనికి వాడే భూతద్దం. ఏమీ లేదు. నున్నగా ఉంది. ఛ, నా కళ్లే పోయాయి, లేనిపోనివి ఊహించుకుని మనిషిని వేధిస్తున్నాను అనుకున్నాను. వెళ్లి కళ్లద్దాలు మార్పించుకున్నాను."

ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. గొంతు ఎత్తకుండా, బియ్యంలో రాళ్లేరుతున్నట్టు ఒక్కొక్క మాట ఏరి చెప్పింది.

"నా కళ్లని కాదని నీ ఫొటోని నమ్మాను."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. ఇస్త్రీపెట్టె తీగ పీకేసి, కోటు వేసుకుని, "నడు. డాక్టరుకి నువ్వే చెప్పాలి. నా నోటితో చెబితే ఈసారి ఆయన నమ్మడు," అంది.

డాక్టర్ పీక్స్ రెండు వరసలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు, పాతవి పైన, కొత్తవి కింద. పెద్దాయన, మా నాన్న స్నేహితుడు.

"ఈ పైవి ఎవరు చేశారు?"

"నేనే, డాక్టర్ గారూ."

"చాలా బాగా చేశావమ్మా," అన్నాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు. వెంటనే ఆసుపత్రికి ఫోను చేశాడు.

అక్టోబర్ 26

ఎల్వుడ్ ఫోను చేశాడు. ఎత్తాను. ఊపిరి వినపడింది. పెట్టేశాడు.

నవంబర్ 1

ఓడ వెళ్లిపోయింది. ఎల్వుడ్ కుర్చీలో డెట్రాయిట్ నుంచి ఒక కుర్రాడు వెళ్లాడట. బాగానే వాయిస్తాడని షెల్బీ చెప్పాడు, నేను అడక్కపోయినా.

నవంబర్ 6, బుధవారం

సోమవారం ఆపరేషన్ అయింది. కింది పెదవి సగం, దవడ కింద గడ్డ, దానితోపాటు మెడలో ఇంకా ఏవేవో తీసేశారు. బతుకుతాడా అని మోజెల్ సర్జన్‌ని అడిగితే, ఏడాది గడిస్తే చెప్పగలను అన్నాడట. ఫిబ్రవరిలోనో మార్చిలోనో వచ్చి ఉంటే చిన్న ముక్క తీసి రెండు కుట్లు వేసి పంపేవాణ్ణి, ఆరు వారాల్లో మళ్లీ ఊదుకునేవాడు అని కూడా అన్నాడట. ఇది మోజెల్ నాకు వసారాలో నిలబడి చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట కలపలేదు. తర్వాత తలుపు తెరిచి, "వెళ్లు. నిన్ను రమ్మన్నాడు," అంది.

ముక్కు కింది నుంచి మెడ దాకా కట్టు. కళ్లు మాత్రం ఎల్వుడ్‌వే. మంచం పక్క బల్ల మీద ఎవరో రికార్డు తెచ్చి పెట్టారు, నర్సులెవరైనా సంతకం కోసం తెచ్చుకున్నారేమో. అట్ట మీది ముఖం మంచం మీది ముఖం కేసి చూస్తోంది. దాన్ని తిప్పి పెట్టాలనుకున్నాను, నా పేరున్న వైపు పైకి వస్తుందని మానేశాను.

క్షమించమని అడగడానికి వెళ్లాను. మాట్లాడలేనివాడి ముందు మాట్లాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఎల్వుడ్ చెయ్యి చాపాడు. దిండు పక్కనున్న పలకా, సుద్దముక్కా అందించాను. మెల్లగా రాసి నావైపు తిప్పాడు.

"కవర్ ఫొటో చాలా బాగుంది."

కళ్లలోకి చూశాను. దెప్పాడో మెచ్చుకున్నాడో తెలియలేదు. తనకీ తెలియదేమో. ఫొటో బాగుందని ఎవరంటే వాళ్లకి వెంటనే జవాబు చెప్పడం ఇరవై ఏళ్ల అలవాటు. నాకు తెలియకుండానే నోటికి వచ్చేసింది.

థాంక్స్ అన్నాను.